తువ్వాలు కింద అయిదు వేళ్ళు

డ్రిల్లు టీచరు ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, నా మోకాళ్ళ వంక జాలిగా చూసి, లేవబోయే ముందు అందరూ ఒకటే ప్రశ్న వేస్తారు. "పిల్లల్లో నాయకత్వ లక్షణాలు ఎలా పెంచాలండీ?" ట్రైనింగులో అదొక పాఠమట. నాకు నవ్వాగదు. నాయకత్వమేమన్నా బీరపాదా తల్లీ, పెరట్లో నాటి నీళ్ళు పోసి పెంచడానికి!

ఉద్యోగంలో నాకొచ్చిన ప్రమోషన్లూ, నేను సంతకాలు పెట్టిన కాగితాలూ మీకెందుకు, నాకే గుర్తులేవు. గుర్తున్నవి కొండలు. పిల్లల్ని వెంటేసుకుని ఎక్కిన కొండలు. నాయకత్వం గురించి నాకు తెలిసిన కాస్తా కూస్తా అక్కడ దొరికిందే. అందులోనూ అసలు ముక్క, శిఖరం దాకా ఎక్కకుండా దిగొచ్చిన కొండ మీద దొరికింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపుబ్బ నవ్వొస్తుంది. మీరూ నవ్వండి, ఏం ఫరవాలేదు.

పూత మీద బేరం

ఎనభైల్లో నేను నూజివీడులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో పనిచేసేదాన్ని. మాకో గ్రౌండు ఉండేది. గోడకి అవతల మామిడి తోట. పిల్లలు గ్రౌండులో పరిగెడుతుంటే మా హెడ్మిస్ట్రెస్సు గారు వరండాలోంచి, "సరోజా, మెల్లిగా పరిగెత్తించమ్మా, మెల్లిగా!" అని కేకేసేవారు. మెల్లిగా పరిగెత్తడం ఎలాగో ఆవిడ ఒక్కసారి చూపిస్తే నేర్చుకుందామని నేను చాలా ఏళ్ళు ఎదురుచూశాను.

ఒక ఏడు హైస్కూలు పిల్లలకి అరకు అవతలి కొండల్లో ట్రెక్కింగు క్యాంపు పెడుతున్నారని కబురొచ్చింది. జట్టు జట్టుగా రావాలి, ప్రతి జట్టుకీ పిల్లల్లోంచే ఒక నాయకురాలు ఉండాలి, టీచరు పక్కన నడవాలే తప్ప పెత్తనం చెయ్యకూడదు. నాకు ఆనందంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. మా వాళ్ళు ఎక్కిన ఎత్తల్లా మామిడి కొమ్మ. కొండంటే పుస్తకంలో బొమ్మ.

అయితే మా బడి కమిటీ ప్రెసిడెంటు శేషగిరి గారు ఒప్పుకోవాలి. ఆయన ఊళ్ళో పెద్ద మామిడి వ్యాపారి. వాళ్ళమ్మాయి సుగుణ మా బళ్ళోనే తొమ్మిది చదువుతోంది. నేను నేరుగా ఆయన కొట్టుకే వెళ్ళాను. 

"కొండ మీద ఏముందండీ టీచరుగారూ, అంత దూరం పోయి ఎక్కడానికి?" అన్నాడాయన. "ఆడపిల్లలు. కాలో చెయ్యో విరిగితే రేపు పెళ్ళెలా అవుతుంది?"

నాకు ముక్కు మీదే కోపం. "మీరు పూత చూసి తోట తోటంతా కొనేస్తారు గదండీ! గాలివాన వస్తుందో, తేనెమంచు పురుగు పడుతుందో తెలీకుండానే. చెట్లని అంత నమ్ముతారే, పిల్లల్ని నమ్మరేం?"

కొట్లో గుమాస్తాలు మొహాలు తిప్పుకుని నవ్వారు. శేషగిరి గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. "అబ్బో, బేరం తెలిసిన మనిషే! సరే వెళ్ళండి. మా సుగుణనీ తీసుకెళ్ళండి. కానీ ఒక్క మాట. ఒక్క పిల్ల కాలు బెణికినట్టు నాకు తెలిసినా సరే, ఇంక డ్రిల్లు పీరియడ్లు లేవు. ఆ టైములో కుట్లు, అల్లికలు. గ్రౌండులో గదులు కట్టించేస్తాను. మాటంటే మాటేనండీ."

ఆయన మాట ఎలాంటిదో ఊరందరికీ తెలుసు. నోటిమాట మీద తోటలు చేతులు మారే వ్యాపారం అది. నేను "సరేనండీ" అని బయటకొచ్చాను. 

పిల్లలకి ఆయన షరతుతో సహా చెప్పాను. అందరూ కేరింతలు కొట్టారు, దుర్గ తప్ప. దుర్గ వాళ్ళమ్మ ముసునూరు దగ్గర తోటల్లో కూలికి వెళ్ళేది. ఈ పిల్ల గాలిలా పరిగెత్తేది. "గ్రౌండు తీసేస్తే ఇంక నేనెందుకండీ బడికి?" అంది. "మా అమ్మతో తోటకే పోతాను." నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు.

అందరూ బాగానే ఉన్నారు

జట్టుకి పన్నెండు మంది తేలారు. ముందు బట్టల గొడవ. పరికిణీలతో కొండెలా ఎక్కుతారు? అన్నల ప్యాంట్లు పట్టుకొచ్చి, నడుం దగ్గర కుచ్చులు పోసి, బొందులు కట్టారు. మొదటి రోజు ఆ వేషాలు చూసుకుని గ్రౌండులో పొర్లి పొర్లి నవ్వారు. మా హెడ్మిస్ట్రెస్సు గారు వరండాలోకి వచ్చి చూసి, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఇక నాయకురాలు. ఇందులో ఆలోచించేదేముంది, అందరికంటే ముందు పరిగెత్తేది దుర్గ కదా! కొత్తగా చేరిన ప్రతి డ్రిల్లు టీచరూ చేసే పనే నేనూ చేశాను. దుర్గ మెడలో ఈల వేసి, విస్సన్నపేట వైపు ఒక గుట్ట మీదికి నడక ప్రాక్టీసుకి తీసుకెళ్ళాను.

దుర్గ గుట్ట మీద ఉంది. మిగతా పిల్లలు గుట్ట పొడుగునా ఆరబోసిన వడియాల్లా ఉన్నారు. "రండే! ఏం చేస్తున్నారే అక్కడ?" అని పైనుంచి దుర్గ అరుపు. చిట్టచివర సుగుణ. బొద్దుగా ఉండేది, చెంపలో ఎప్పుడూ మామిడి తాండ్ర ముక్క ఉండేది. ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఎవరో ఒకరితో కబుర్లు పెట్టేది.

నేను వరసనే అడుగుతూ వచ్చాను. "ఎలా ఉన్నావే?" "బాగానే ఉన్నానండీ." "నువ్వే?" "బాగానే ఉన్నానండీ." అలా అంటూనే పద్మ అనే పిల్ల గోనెబస్తాలా కూలబడింది. మొహాన నీళ్ళు కొడితే కళ్ళు తెరిచి, "బాగానే ఉన్నానండీ" అంది మళ్ళీ!

మన వైపు అంతే కదండీ. అన్నం తిన్నావా అంటే, కడుపులో పేగులు అరుస్తున్నా తిన్నాననే అంటాం. నలుగురిలో "నావల్ల కాదు" అనడం నామోషీ. మీ ట్రైనింగు పుస్తకంలో ఏముందో నాకు తెలీదు గానీ, మన పిల్లల్ని నడిపించాలంటే ముందు దాటాల్సిన కొండ ఇదే. 

అప్పుడు సుగుణ తాండ్ర నముల్తూ నా పక్కకొచ్చింది. "టీచరుగారండీ, అందరి ముందూ అలా అడిగితే ఎవరు చెప్తారండీ? మా నాన్న కొట్లో అలా అడుగుతారేంటండీ?"

ఆ కొట్టు పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మామిడికాయల బేరం నోటితో చేసేవాళ్ళు కాదు. ఇద్దరూ చేతులు కలిపి, మీద తువ్వాలు కప్పుకునేవారు. లోపల ఎన్ని వేళ్ళు పట్టుకుని నొక్కితే అంత ధర. చుట్టూ వందమంది ఉన్నా తువ్వాలు కదలడం తప్ప ఏమీ కనిపించదు. బేరం కుదిరినా కుదరకపోయినా, తువ్వాలు కింద జరిగింది పైకి చెప్పకూడదు. చెప్పినవాడితో మళ్ళీ ఎవరూ చెయ్యి కలపరు. 

సుగుణ నా భుజం మీది తువ్వాలు లాక్కుంది. "ఒక వేలు నొక్కితే హుషారుగా ఉన్నట్టు. అయిదూ నొక్కితే ఇంక నా వల్ల కాదని. సరేనా?" అని వరసలో ఒక్కొక్కరి దగ్గరికే వెళ్ళింది. మొదటిసారి చక్కిలిగింతలతో కిచకిచలే సరిపోయాయి. రెండోసారి సర్దుకున్నారు. తిరిగొచ్చినప్పుడు సుగుణ మొహం చూడాలి మీరు, అచ్చు వాళ్ళ నాన్నే!

"ఇక్కడ కాసేపు కూచోవాలండీ."

"ఎవరికోసమే?"

"చెప్పకూడదండీ."

"నేను టీచర్నే!"

"మా నాన్న మా అమ్మకే చెప్పడండీ!"

ఆ రోజు అందరం కలిసి గుట్ట ఎక్కాం, కలిసి దిగాం. దిగాక ఈల దుర్గ మెడలోంచి తీసి సుగుణ మెడలో వేశాను. దుర్గ చిన్నబుచ్చుకుంటుందని భయపడ్డాను. అది "హమ్మయ్య! ఇంక నేను హాయిగా ముందు పరిగెత్తి దారి చూసొస్తానండీ" అని ఎగిరి గంతేసింది.

కూ చుక్ చుక్

రైలు సంగతి చెప్పకపోతే మా పిల్లలు నన్ను క్షమించరు. విశాఖపట్నం దాటి అరకు వైపు వెళ్ళే రైలుకి సొరంగాలే సొరంగాలు. చీకటి పడగానే పన్నెండు గొంతులూ ఒకేసారి "కూ!" అని కేక. వెలుగు రాగానే పకపకలు. పెట్టెలో ఒక ముసలాయన మొదట్లో విసుక్కున్నాడు. సగం దారిలో ఆయనే "ఇదిగో వస్తోంది, వస్తోంది, సిద్ధంగా ఉండండే!" అని హెచ్చరించడం మొదలెట్టాడు. శేషగిరి గారు పంపిన ఆవకాయ జాడీ నా ఒళ్ళో. కొండెక్కడానికి వెళ్తూ జాడీ మోసుకెళ్ళినవాళ్ళం మేమొక్కళ్ళమే అయ్యుంటాం.

క్యాంపు ఆఫీసరు గారికి మీసాలు పెద్దవి, గొంతు ఇంకా పెద్దది. "నాయకుడంటే ముందుండేవాడు! శిఖరం చేరేవాడు!" అని ఉపన్యాసం ఇచ్చాడు. అందరికంటే వెనకాల నిలబడి తాండ్ర నముల్తున్న మా నాయకురాలిని చూసి, "ఈ అమ్మాయా?" అన్నాడు. 

"ఈ అమ్మాయేనండీ" అన్నాను. 

పొద్దున్నే బయల్దేరాం. అబ్బ, ఆ మంచు! మామిడి పూత రోజుల్లో మా ఊళ్ళో కురిసేది ఒక మంచేనా! చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. దుర్గ ముందుకి పరిగెత్తి దారి చూసొచ్చేది, అలసినవాళ్ళ సంచులు లాక్కుని మోసేది. ఆగిన చోటల్లా సుగుణ తువ్వాలు తీసేది. ఒక వేలు, రెండు వేళ్ళు, కాస్త ఆగడం, మళ్ళీ నడక. మధ్యలో ఒక వాగు దాటాం. రాళ్ళు పాచిపట్టి ఉన్నాయి. ఎవరూ పడలేదనే అనుకున్నాను.

చివరి మజిలీ దగ్గర గాలికి మంచు ఒక్కసారి తొలగిపోయింది. ఎదురుగా శిఖరం! ఇంతే, ఇంకొక్క గుక్క దూరం. పిల్లలు అరిచిన అరుపుకి కొండంతా మారుమోగింది. నేనైతే సిగ్గు లేకుండా గంతులేశాను. మన ఊరి ఆడపిల్లలు, అన్నల ప్యాంట్లు కట్టుకుని, శిఖరం మీద! శేషగిరి గారి కొట్టుకెళ్ళి ఏం మాట్లాడాలో కూడా మనసులో అనేసుకున్నాను.

సుగుణ తువ్వాలు తీసుకుని వరసలో వెళ్ళింది. అందరి దగ్గరా ఆగింది, అందరి దగ్గరా ఒకేలా ఆగింది. వెనక్కొచ్చి నా ముందు నిలబడింది.

"దిగిపోదామండీ."

"ఏంటే?"

"దిగిపోవాలండీ. ఇప్పుడే."

అప్పుడే మరో జట్టుతో ఆఫీసరు గారు వచ్చాడు. "దిగడమేంటి? పైకి ఇంకెంతుందని! ఎవరికో ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళని ఇక్కడ కూచోబెట్టి మిగతావాళ్ళు ఎక్కండి. ఎవరు? ఎవరికి బాగాలేదు?"

మిగతా పదకొండు మందీ పలికారు, "బాగానే ఉన్నామండీ!" 

"చూశావా? అందరూ బాగానే ఉన్నామంటున్నారు" అన్నాడాయన.

"వాళ్ళు అలాగే అంటారండీ" అంది సుగుణ. "ఒకళ్ళని కూచోబెడితే ఎవరో తెలిసిపోతుంది కదండీ. మళ్ళీ తువ్వాలు పట్టుకొస్తే ఎవరూ నాకు నిజం నొక్కరు. మేమంతా దిగుతామండీ." పెదాలు బిగించింది. ఏడుపొస్తోందని నాకు తెలుసు, దానికీ శిఖరం చూడాలని ఉండదా? 

ఆయన నా వంక తిరిగాడు. "మీరు చెప్పండి టీచర్!"

నాకెంత ఆశగా ఉందో చెప్పలేను. శిఖరం వంక చూశాను. సుగుణ వంక చూశాను. "దాని మెడలో ఈల నేనే వేశానండీ. అదెటు నడిస్తే మేమూ అటే" అన్నాను. అన్నాక నాకే కళ్ళు చెమర్చాయి.

ఇక దిగడం. సుగుణ అందరినీ వరసలో నిలబెట్టి, "రైలే! ముందువాళ్ళ భుజాలు గట్టిగా పట్టుకోండి. ఎవరూ వదలకూడదు. కూ!" అని అరిచింది. పద్మని ఇంజన్ చేసింది, దుర్గని నట్టనడుమ పెట్టింది, దుర్గకి ముందూ వెనకా బలమైన పిల్లల్ని పెట్టింది. చుక్ చుక్ చుక్ అంటూ ఆ మంచులో పన్నెండు పెట్టెల రైలు కొండ దిగింది. మంచు దట్టంగా కమ్మినప్పుడల్లా సొరంగమొచ్చిందని కేకలు. ఎదురొచ్చిన జట్లు మాకు పిచ్చెక్కిందనుకున్నాయి. నేను గార్డుని. ఉన్న ఒక్క తువ్వాలే ఊపుకుంటూ వచ్చాను.

కింద డేరాలో దుర్గ బూటు విప్పితే చీలమండ బీరకాయలా వాచి ఉంది. వాగు దగ్గర జారిందట.

"ఎందుకు చెప్పలేదే మొద్దూ?"

"కాలు బెణికిందని తెలిస్తే గ్రౌండు పోతుంది కదండీ!" అని బావురుమంది. "నా మూలాన అందరికీ పోతుందండీ. తువ్వాలు కింద మాత్రం అబద్ధం నొక్కలేకపోయానండీ." 

నేను దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. ఆ సాయంత్రం శిఖరం ఎక్కిన జట్టుకి చప్పట్లు కొట్టారు. ఆ జట్టు నాయకుడు అందరికంటే ముందు పైకి చేరాడు. వాడి జట్టులో ఇద్దరు పిల్లలు మంచులో దారి తప్పితే, చప్పట్లు అయ్యాక టార్చీలు పట్టుకుని వెతికారు. ఆఫీసరు గారి ఉపన్యాసం గురించి నా అభిప్రాయం ఇంతకంటే మర్యాదగా చెప్పడం నా వల్ల కాదు.

బస్టాండులో

విజయవాడలో ఎర్ర బస్సెక్కినప్పటినించీ పిల్లలు గుసగుసలు. దుర్గ కాలికి ప్యాంటు కింద కట్టు ఉంది. నూజివీడు బస్టాండులో శేషగిరి గారు నిలబడి ఉంటాడు. దిగగానే కుంటుతుంది, చూస్తాడు, గ్రౌండు గోవిందా. నేనైతే రాత్రంతా కుట్టుమిషన్లు కలవరించాను. 

బస్సాగింది. శేషగిరి గారు అక్కడే ఉన్నాడు, భుజాన తువ్వాలుతో. మొదట సుగుణ దిగింది. దిగుతూనే కుంటింది! తర్వాత పద్మ, కుంటుతూ. తర్వాత ఇంకొకతె, ఇంకొకతె. దుర్గ కుంటుతూ దిగింది. పన్నెండు మందీ ఒకే కాలు ఎత్తెత్తి వేస్తూ, నవ్వాపుకోలేక మొహాలు కందిపోయి, నా వంక చూశారు. ఏం చెయ్యను? నేనూ కుంటాను. ఆవకాయ జాడీ చంకనెట్టుకుని మరీ కుంటాను.

బస్టాండు బస్టాండంతా మమ్మల్నే చూస్తోంది. శేషగిరి గారు నోరు తెరిచాడు. "ఏంటిది టీచరుగారూ? అందరికీ బెణికాయా?"

"నడకలో అలసటండీ" అన్నాను.

"కొండెక్కారా?"

"లేదు నాన్నా" అంది సుగుణ. "ఒకళ్ళు తువ్వాలు కింద అయిదు నొక్కారు. దించేశాను."

"ఎవరు?"

"నువ్వు చెప్తావా నాన్నా, తువ్వాలు కింద మాట?"

ఆయన గతుక్కుమన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది ఆయనతో బేరాలు చేసే మనుషులే. చెప్పమంటే ఆయన పరువే పోతుంది. చెప్పకపోతే కాలు బెణికినట్టు ఆయనకి తెలియలేదన్నట్టే. "ఒక్క పిల్ల కాలు బెణికినట్టు నాకు తెలిసినా" అన్నది ఆయన మాటే కదా! 

చాలాసేపు కూతురి మొహంలోకి చూశాడు. అక్కడేమీ దొరకలేదు. మెల్లిగా తువ్వాలు తీసి కూతురి చేతి మీద కప్పాడు. తువ్వాలు కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

"డ్రిల్లు పీరియడ్లు ఉంటాయండీ టీచరుగారూ" అన్నాడు. "కొండకి మాత్రం వచ్చే ఏడు..." తువ్వాలు గట్టిగా కదిలింది. ఆయన చిన్నగా ముఖం చిట్లించాడు. "...వచ్చే ఏడు కూడా వెళ్ళండి. అబ్బ, వదలవే! దీని చేతికి మా నాయనమ్మ పట్టు వచ్చింది."

దుర్గ కుంటికాలితోనే ఎగిరి గంతేసింది, ప్యాంటు కింది కట్టు బయటపడింది. ఆయన చటుక్కున తల తిప్పి తోటల వైపు చూడటం మొదలెట్టాడు. పెద్దమనిషి. 

ఆఖరి పీరియడ్

నేను రిటైరయిన రోజు అదే గ్రౌండులో షామియానా వేశారు. అప్పటికే అక్కడ డ్రిల్లు టీచరు దుర్గ. కమిటీ ప్రెసిడెంటు సుగుణ, వాళ్ళ నాన్న కొట్టూ తనదే. నాకు దండలు వేసి కుర్చీలో కూచోబెట్టారు. గోడ అవతల తోట పూతలో ఉంది. ఈ గ్రౌండులోకి రేపు పొద్దున నేను రాను అనుకున్నాను.

"ఎలా ఉన్నారండీ టీచరుగారూ?" అంది దుర్గ, వంగి.

"బాగానే ఉన్నానమ్మా" అన్నాను.

వాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. సుగుణ తువ్వాలు తీసి నా చేతి మీద కప్పింది. దాని చెయ్యి వెచ్చగా ఉంది. అయిదు వేళ్ళూ నొక్కాను.

ఇది మీకు చెప్పకూడదు నిజానికి. నా వేళ్ళ సంగతి నేను చెప్పుకోవచ్చులెండి.

సుగుణ మొహంలో ఏమీ కనిపించలేదు. లేచి మైకు దగ్గరికెళ్ళి, "ఉపన్యాసాలు తర్వాత. ముందు రైలు!" అంది. దుర్గ ఈల ఊదింది. పిల్లలంతా ఒకరి భుజాలొకరు పట్టుకుని "కూ!" అని అరిచారు. నన్ను కుర్చీలోంచి లేపి నట్టనడుమ పెట్టారు, ముందు దుర్గ, వెనక సుగుణ. కొత్త హెడ్మాస్టరు గారు కంగారుగా వరండాలోంచి "మెల్లిగా, మెల్లిగా!" అని కేకలు. 

చుక్ చుక్ అంటూ గ్రౌండు చుట్టూ తిరిగాం. మెల్లిగా పరిగెత్తడం ఎలాగో ఆ రోజు నేర్చుకున్నాను.